కొలనుని ఎవరు వండుతున్నారు?

రిగ్గు దగ్గర బస
ఎండలు తగ్గుతున్న రోజులు

ప్రియమైన వదినకి,

ముందు అసలు కబురు. బావి పండింది!

నేల అడుగు నుంచి నీళ్ళు వాటంతటవే ఎగదన్నుకుని వచ్చాయి వదినా. పొగలు కక్కుతూ, ఒకటే హోరు. బావి తవ్వే మా డ్రిల్లర్ పెద్దాయన ఎప్పుడూ ఆముదం తాగిన మొహంతో ఉంటాడని రాశాను కదా, ఆయన హెల్మెట్ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి బురదలో పడింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి గబగబా తీసి తుడుచుకున్నాడు. వంటాయన గరిటె పట్టుకునే గెంతాడు. నేను ఏడ్చాను. చిన్నప్పుడు నేను పాఠాలు పైకి అప్పజెబుతుంటే నువ్వు స్వెటర్ అల్లుతూ, ఆవలిస్తూ "ఊఁ, తర్వాత?" అనేదానివి. అందులో ఒక్క ముక్క నీకు అర్థమయ్యేది కాదు. ఆ "ఊఁ, తర్వాత" లేకపోతే నేనీ బావి గట్టున ఉండేదాన్ని కాదు. ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఇక పని సంగతి. కొన్నాళ్ళ పాటు ఈ నీళ్ళని పంపుతో తోడి చూస్తాం. వేడిని పైపులకి ఎక్కించి, వాడేసిన నీళ్ళని కొండకి అవతల ఇంకో బావిలోంచి మళ్ళీ నేలలోకే దింపేస్తాం. అంతా సవ్యంగా ఉంటే ఈ చలికాలమే మన ఊళ్ళో ముందు ఆసుపత్రి, తర్వాత బడి, ఆ తర్వాత ఇళ్ళు వెచ్చబడతాయి. బొగ్గు మసి ఇక ఉండదు.

మరి మన వేడినీటి కొలను ఏమవుతుందని ఊళ్ళో అందరూ అడుగుతున్నారని రాశావు. ఆ కొలను మీద నాకంటే బెంగ ఎవరికుంటుంది? ఆసుపత్రి కప్పు మీద రేకులు వేస్తూ జారిపడిన అన్నయ్య, మళ్ళీ కాళ్ళు కదిపింది ఆ నీళ్ళలోనే కదా. కొలనుకి ఏమీ కాదని సంతకం పెట్టింది నేనే. వారం వారం మా కొలతలాయన వచ్చి మెట్ల దగ్గర థర్మామీటరు ముంచి చూస్తాడు. కొలను ఒక్క పిసరు చల్లబడినా పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేది మొట్టమొదట నేనేనని అందరికీ చెప్పు.

ఇక్కడ ఫోను పలకదు. సామాన్ల లారీ డ్రైవరుగారే మనకి పోస్ట్‌మాన్. ఆయన చేతికి రాసి ఇవ్వు.

నీ
బుడంకాయ


ఇల్లు, వంటగది బల్ల

ఏమే బుడంకాయ్,

నీ ఉత్తరం కొలను మెట్ల మీద కూర్చుని పైకే చదివాను. చదవకపోతే ఊరుకుంటారా? టైలరమ్మ నీళ్ళలోంచే చప్పట్లు కొట్టింది, పక్కనున్న లెక్కల మాస్టారి కళ్ళజోడంతా తడిసిపోయింది. రిటైరయ్యాక ఆయనకి అరవడానికి క్లాసు లేదుగా, ఆవిడ మీదే అరిచారు. ఆవిడ వినిపించుకుంటేనా? "మా పిల్ల, మా పిల్ల" అని ఒకటే మురిసిపోతోంది. నీ స్కూలు గౌనుకి చేతులు పొట్టిగా కుట్టి, అదే ఫ్యాషనని మనతో వాదించింది ఈవిడేగా.

మీ అన్నయ్య సంగతి చెప్పనా? నిన్న రెయిలింగ్ వదిలేసి, నీళ్ళలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచారు. నేను గుండెలు అరచేత పట్టుకుని చూస్తున్నాను. ఆ చివరికి చేరి, రైలు దిగిన ప్రయాణికుడిలా వెనక్కి తిరిగి, "ఇక్కడ టికెట్ ఎవరు చూస్తారు?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

గట్టు మీదికి వచ్చేసరికి మాత్రం మళ్ళీ చక్రాల కుర్చీయే. నేల మీద ఇంకా నిలబడలేరు. డాక్టరుగారు ఏమన్నారంటే, నీళ్ళు బరువు మోస్తాయి, వేడి కండరాల్ని సాగనిస్తుంది, ఈ చలికాలమంతా మానకుండా నీళ్ళలో నడిస్తే నేల మీద కూడా నిలబడే ఆశ ఉందిట. మధ్యలో మానేస్తే కాళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని జ్వరమొచ్చినా సరే నేను ఆయన్ని మాననివ్వడం లేదు. రాక్షసి అంటున్నారు నన్ను. అననీ.

ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్న రోజుల్లో నేనింక ఏమీ కోరుకోలేదే. ఇప్పుడు ఆ కొలను, నువ్వు, ఆయన టికెట్ జోకు, ఇన్ని దొరికాయి నాకు. ఎవరికి దండం పెట్టాలో తెలియక నీకే పెడుతున్నాను, చిన్నదానివైనా పుచ్చుకో.

మీ కొలతలాయన వచ్చాడు. పాపం, చలికి ముక్కు ఎర్రబడిపోయింది. టీ ఇచ్చాను.

నీ వదిన


రిగ్గు దగ్గర బస
మొదటి మంచు పడ్డాక

వదినా,

నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను, నవ్వకు. అన్నయ్య గోడ నుంచి గోడకి నడిచాడన్న వాక్యం ఉన్నచోట కాగితం నలిగిపోయింది.

ఇక్కడ పంపు జోరు పెంచాం. కొలను లెక్కలు వచ్చాయి, చెక్కు చెదరలేదు. మా పెద్దసారు అంత త్వరగా ఎవర్నీ మెచ్చుకోడు, నన్ను చూసి తలాడించాడు. ఆయన తలాడిస్తే మాకు పండగే.

అన్నయ్య ఇప్పుడు ఎన్ని గోడలు నడుస్తున్నాడు? వివరంగా రాయి.

నీ
బుడంకాయ


ఇల్లు

అమ్మాయ్,

ఇక్కడంతా బాగుంది. నీళ్ళు బాగున్నాయి. మీ అన్నయ్య బాగున్నారు.

టైలరమ్మ కొత్త మిషను కొంది. అది కుట్టేదానికంటే అరిచేది ఎక్కువ. కొలను పక్కన లాండ్రీ ఉందే, వాళ్ళ బాయిలర్‌కి కొత్త గొట్టం వేశారు. లెక్కల మాస్టారికి జలుబు. నేను నీకు ముదురు నీలం స్వెటర్ అల్లుతున్నాను, మెడ దగ్గర కాస్త వదులుగా ఉంచమంటావా?

అన్నట్టు, మీ కొలతలాయన ఎప్పుడు పడితే అప్పుడు రాకుండా ఒకే రోజు, ఒకే వేళకి వచ్చేలా చూడు. ముందే తెలిస్తే టీ పెట్టి ఉంచుతాను. పాపం, చలిలో వస్తాడు.

నీ వదిన


రిగ్గు దగ్గర బస

వదినా,

ఇంత పొట్టి ఉత్తరమా! నోట్లో నువ్వు గింజ నానని మనిషివి, పెన్నుకేమైంది? మెడ వదులుగా ఉంచు. కొలతలాయనకి చెప్పాను, ఇకనుంచి టైము ప్రకారమే వస్తాడు. నీ టీ గురించి మా బసలో అందరికీ చెప్పి ఊరిస్తున్నాడు.

ఇంకో మంచి మాట. కొలను వేడి తగ్గకపోగా కాస్త పెరిగింది! మా పెద్దసారు ధైర్యం చేసి పంపుని ఇంకొంచెం పెంచమన్నాడు. పెంచేశాం.

రేపు నేను వేడిబావుల వాళ్ళ సమావేశానికి వెళుతున్నాను. ఏటా ఒక ఊళ్ళో, పది రోజుల పాటు జరుగుతుంది. డ్రిల్లింగ్ వాళ్ళు, పంపులు చేసేవాళ్ళు, వేడినీళ్ళతో గాజు ఇళ్ళలో టమాటాలు పండించేవాళ్ళు, పైపుల కోసం వీధులన్నీ తవ్వించి తిట్లు తిన్న మున్సిపాలిటీ వాళ్ళు, అందరూ ఒకే పొడుగు బల్లల దగ్గర కూర్చుని తింటారు. అక్కడ ఒక అలవాటుంది. ప్రతివాళ్ళూ తమకి బాగా ముద్దొచ్చిన గ్రాఫు ఒకటి తెచ్చి భోజనాల హాల్లో గోడకి అతికించాలి. దాని మీద ఎవరైనా పెన్సిల్‌తో ఏదైనా రాయొచ్చు. రాసినవాళ్ళు పేరు పెట్టకూడదు, గ్రాఫు తెచ్చినవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. నేను మన కొలనుది పట్టుకెళుతున్నాను. ఎవరేం రాస్తారో చూద్దాం!

నీ
బుడంకాయ


సమావేశాల హాలు, వెనక వరస

వదినా,

ఇక్కడ ఫోను ఉన్నా, అన్నయ్య వింటాడని రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని నువ్వొక్కదానివే చదువు. మెట్ల మీద వద్దు.

పొద్దున టిఫిన్‌కి వచ్చేసరికి నా గ్రాఫు చుట్టూ జనం మూగి ఉన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని మొహమాటంగా నవ్వుతూ దగ్గరికి వెళ్ళాను. గీత కింద పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి ఉంది. "ఈ కొలనుని ఎవరు వండుతున్నారు?"

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మిగతా గీతలూ ఆ పక్కనే ఉన్నాయి. బావిలో ప్రెషర్ పడిపోతోంది. కొలనులోంచి పొంగి కాలవలోకి పోయే నీళ్ళు తగ్గుతున్నాయి. బయట మంచు పడుతోంది. కొలను మాత్రం వేడెక్కుతోంది! చిన్నపిల్లని అడిగినా కుదరదని చెబుతుంది. నాకు ఎందుకు కనబడలేదు? నేను చూడాలనుకున్నది కనబడింది కాబట్టి.

నేను బిక్కచచ్చి నిలబడితే ఒకావిడ నా పక్కకి వచ్చింది. నెరిసిన జుట్టు, పెద్ద గొంతు. వాళ్ళ ఊళ్ళో వేడినీటి స్నానాలశాల నడుపుతుందిట. రాసింది ఆవిడేనని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. "మా ఊళ్ళోనూ మొదట్లో ఇలాగే వేడినీళ్ళు బిందెలతో పోశారు. మీ ఊరు నిన్ను బాగా ప్రేమిస్తున్నట్టుంది, పాపం" అంది.

వదినా, లాండ్రీ బాయిలర్‌కి కొత్త గొట్టం ఎందుకు వేశారు?

అన్నయ్య నడుస్తున్నాడా? నిజం రాయి. నా మీద ఒట్టు.

నీ
బుడంకాయ


ఇల్లు, వంటగది బల్ల

బంగారుతల్లీ,

రాస్తున్నాను. పక్క గదిలో మీ అన్నయ్య రేడియో వింటున్నారు. రాసింది తెలిస్తే రెండ్రోజులు మాట్లాడరు, పర్వాలేదు.

నువ్వు పంపు పెంచామని రాసిన వారమే నీళ్ళలో తేడా వచ్చింది. ముందు చలికాలం కదా అనుకున్నాం. తర్వాత లెక్కల మాస్టారు, ఇది చలి పని కాదు పంపు పని అన్నారు. అప్పుడు టైలరమ్మ నీ ఉత్తరంలో మాట గుర్తుచేసింది. కొలను ఒక్క పిసరు చల్లబడినా పెట్టె సర్దుకునేది నేనేనని రాశావుగా. నువ్వు మాకు ధైర్యం చెప్పడానికి రాశావు. మేం దాన్ని పట్టుకుని, కొంప మునిగింది, పిల్ల ఉద్యోగం పోతుందని కంగారుపడ్డాం.

ఇంక ఏముంది! మీ కొలతలాయన వచ్చే రోజున లాండ్రీ బాయిలర్ నుంచి క్యాన్లతో మరిగే నీళ్ళు తెచ్చి మెట్ల మూల పోయడం. నేను ఆయన్ని అటు తిప్పి కూర్చోబెట్టి టీ తాగించడం. ఎంత పోస్తే సరిపోతుందో మాస్టారు ముందే లెక్క కట్టేవారు. టైలరమ్మేమో "ఇంకో రెండు పోద్దాం, పిల్లకి మంచి మార్కులొస్తాయి" అని ఆయన అరుస్తున్నా పోసేసేది. నీ గ్రాఫు పైకి పోయింది అందుకే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం దొంగతనానికి బయలుదేరిన పిల్లల్లా భలే సరదాగా ఉండేది.

మీ అన్నయ్య మాట. మొదటిరోజే తేల్చేశారు. "నా కాళ్ళ కోసం దాని పని చెడగొడతామా? దానికి ఒక్క ముక్క రాశావంటే ఊరుకోను" అన్నారు. చల్లటి నీళ్ళలోనే దిగేవారు. పెదాలు నీలంగా మారినా బాగానే ఉంది, బాగానే ఉందనేవారు. ఒకరోజు మధ్యలో పిక్కలు పట్టేసి మునిగిపోబోయారు. నేనూ, లాండ్రీ ఆయనా దూకి పట్టుకున్నాం. డాక్టరుగారు ఇక దిగొద్దన్నారు. అప్పట్నుంచి కుర్చీలోనే ఉన్నారు. మోకాళ్ళు సాగడం లేదు. టికెట్ జోకులు వేసిన మనిషి, పొద్దస్తమానం రేడియో స్టేషన్లు మారుస్తున్నారు.

నిన్ను కాపాడాలనే చేశాను. ఆయన్ని ముంచానేమోనని భయంగా ఉంది. నువ్వు ఏం తిట్టినా పడతాను.

వదిన


సమావేశాల హాలు

వదినా,

చదివి ముందు నవ్వాను. "పిల్లకి మంచి మార్కులొస్తాయి" దగ్గర పడీపడీ నవ్వాను. తర్వాత హాలు వెనక చెప్పులు విడిచే అరుగు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

తిట్టమన్నావుగా, తిడతాను. మీరు పోసిన ఆ వేడి చూసుకునే నేను పంపు ఇంకా పెంచాను. కొలను ఒంట్లో బాగాలేదని ముందే తెలిస్తే ఆపేదాన్ని. డాక్టరు దగ్గర జ్వరం దాచిపెడితే ఏమవుతుంది? అయిపోయింది, తిట్టడం ఇంతే. నన్ను పెంచినదానివి, ఇంతకంటే తిట్టడం నాకు చేతకాదు.

పంపు ఆపించేశాను. పట్నం ఆఫీసుకి వచ్చిన మా పెద్దసారుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి, పెట్టె సర్దుకోమంటారా అని అడిగాను. "సర్దుకోవడం తేలిక. అక్కడే కూర్చుని, అన్నీ తెలిసినవాళ్ళు చుట్టూ ఉన్నారు కదా, ఎలా బాగుచెయ్యాలో కనుక్కుని రా" అని పెట్టేశాడు.

కనుక్కున్నాను. నేను కాదు, వీళ్ళందరూ కనుక్కున్నారు. సమావేశం అయిపోయినా ఎవరూ బళ్ళెక్కలేదు. స్నానాలశాల ఆవిడ, ఒక పంపుల ఆయన, టమాటాల దంపతులు, నేనెప్పుడూ చూడని మనుషులు, భోజనాల బల్ల మీద మన కొండ బొమ్మ గీసుకుని పోట్లాడుకున్నారు. చివరికి తేలింది ఇది. వాడేసిన నీళ్ళని మేం కొండకి అవతల దింపుతున్నాం. కొలను కింద నేల ఖాళీ అయిపోతోంది. కొలనుకి దగ్గర్లో మేం మొదట పరీక్షకి తవ్వి మూసేసిన బావి ఒకటుంది. ఆ నీళ్ళని అందులోంచి దింపితే, కొలను కింద మళ్ళీ ఒత్తిడి పెరిగి లోతులో ఉన్న వేడినీళ్ళు పైకి తన్నుకొస్తాయి. వస్తాయనే అందరూ అంటున్నారు. తప్పకుండా వస్తాయని మాత్రం ఒక్కరూ అనలేదు. పంపుల ఆయన తన పంపు ఒకటి పంపుతానన్నాడు, వాళ్ళ మనిషితో సహా. ఎందుకింత చేస్తున్నారని అడిగితే, మాకూ ఇలాగే ఎవరో చేశారు కదమ్మా అన్నాడు. ఇంతమందికి థాంక్స్ ఎలా చెప్పాలో తెలియక ఎంగిలి పళ్ళేలన్నీ నేనే కడిగాను.

ఒక చిక్కుంది. ఆ బావి తెరిచి పైపులు వేసేదాకా ఊరికి వేడి రాదు. ఈ చలికాలం చాలా భాగం ఇళ్ళన్నీ బొగ్గు మీదే, అరకొర వేడితో ఉండాలి. కొలనుని వదులుకుంటే ఇళ్ళు వెంటనే వెచ్చబడతాయి. ఇది నేను తేల్చేది కాదు, ఊరినే అడగాలి; మా పెద్దసారు వచ్చి సభ పెడతాడు. అన్నయ్య కాళ్ళ సంగతి సభలో చెప్పకు. వాళ్ళని ఇరుకున పెట్టినట్టవుతుంది.

నీ
బుడంకాయ


ఇల్లు

అమ్మాయ్,

సభ బడి హాల్లో జరిగింది. చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. మీ పెద్దసారు నీ ఉత్తరంలో ఉన్నట్టే అంతా విడమరిచి చెప్పాడు. మేం పోసిన నీళ్ళ సంగతి టైలరమ్మే లేచి చెప్పేసింది. మీ కొలతలాయన నా వంక చూసిన చూపుకి నేను బెంచీ కింద దూరాల్సింది. తర్వాత నవ్వేశాడులే. టీ మాత్రం నిజంగానే బాగుండేదన్నాడు.

నేను నోరెత్తలేదు. మీ అన్నయ్యే చెయ్యెత్తారు. "మీరందరూ నన్ను చూసి మొహమాటపడొద్దు. ఆసుపత్రిలో పసిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఒక్కడి కాళ్ళ కోసం ఊరంతా వణకడం న్యాయం కాదు. కొలను పోతే పోనివ్వండి" అన్నారు. 

టైలరమ్మ గయ్యిమని లేచింది. "నీ కాళ్ళ కోసమని ఎవరన్నారయ్యా? నా మోకాళ్ళ మాటేమిటి? మాస్టారి నడుం మాటేమిటి? కొలను నీ ఒక్కడిదా?" హాలంతా ఒక్కసారి గొల్లుమంది.

చివరికి ఏం తేల్చారంటే, ఆసుపత్రికి మాత్రం చిన్న ధారతో వేడి ఇవ్వాలి, మిగతా ఊరు ఆగాలి. చేతులెత్తమంటే, హాల్లో ఎత్తని చెయ్యి ఒక్కటే, మీ అన్నయ్యది. ఇంటికొచ్చాక రేడియో పెట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని, "వీళ్ళకి నేనేం చేశాననే?" అన్నారు. వీళ్ళ కప్పులన్నీ వేసింది మీరేగా అన్నాను. అది కూలి తీసుకుని చేసిన పని కదా అన్నారు.

నీ వదిన


పాత పరీక్ష బావి దగ్గర

వదినా,

ఇవాళ వాల్వు తిప్పాం. నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. వాటి దారి అవి వెతుక్కోవాలి, ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. ఈసారి ఏ మాటా ఇవ్వను. ఎలా ఉంటే అలా రాయి, బాగాలేకపోతే బాగాలేదని రాయి.

ఊరికి నా తరఫున చెప్పు. నా తప్పు లెక్క వల్ల చలి భరించారు. నేను బతికినంతకాలం మరిచిపోను.

నీ
బుడంకాయ


కొలను గట్టు
చలి వెనకబడుతున్న రోజులు

బుడంకాయ్,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. వాల్వు తిప్పిన మొదటి వారం ఏమీ లేదు. రెండో వారమూ లేదు. మాస్టారు రోజూ వచ్చి చెయ్యి ముంచి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత ఒక పొద్దున కాలవలో నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడింది. మెట్ల దగ్గర పొగ లేచింది. ఎవరూ ఏమీ పోయలేదు, ఒట్టు.

డాక్టరుగారు సరేనన్నాక మీ అన్నయ్య దిగారు. మొదట్లో నేనూ, లాండ్రీ ఆయనా చెరో పక్క పట్టుకున్నాం. తర్వాత నేనొక్కదాన్నే. తర్వాత మళ్ళీ రెయిలింగ్, ఆ తర్వాత గోడ నుంచి గోడకి. నీకు రోజూ రాయాలనిపించేది. దిష్టి తగులుతుందని రాయలేదు. దాచానని కోప్పడకు, ఇది వేరే దాచడం.

ఇవాళ మామూలుగానే నడక అయిపోయింది. నేను కుర్చీ మెట్ల దగ్గరికి తోసి, తువ్వాలు తేవడానికి గదిలోకి వెళ్ళాను. వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. మీ అన్నయ్య గట్టు మీద ఉన్నారు. నీళ్ళలో కాదే, రాళ్ళ మీద. ఏదీ పట్టుకోకుండా, రెండు కాళ్ళ మీద, ఒళ్ళంతా పొగలు కక్కుతూ నిలబడి ఉన్నారు. మోకాళ్ళు వణుకుతున్నాయి, కానీ నిలబడే ఉన్నారు. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు నీళ్ళలోనే లేచి నిలబడ్డారు.

"చలేస్తోందే, ఆ తువ్వాలు ఇస్తావా ఇవ్వవా?" అని కేకేశారు.

ఇవ్వలేదు. నేను తువ్వాలు గుండెకి హత్తుకుని అక్కడే ఆగిపోయాను. ఇంకాసేపు నిలబడనీ అని.

నీ వదిన